ఇంటి దస్తావేజులు బ్యాంకులో పెట్టకుండా సోలార్ లోన్: ప్రభుత్వ గ్యారంటీ ఎలా అడగాలి

గుంటూరులో కారం మిల్లో కోల్డ్ స్టోరేజో, విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డో నడుపుతూ, కరెంటు బిల్లు చూసినప్పుడల్లా పైన రేకుల మీద సోలార్ పెట్టిద్దాం అనుకుంటూ, లోన్ అనగానే ఇల్లు తాకట్టు పెట్టాలేమో అని వెనక్కి తగ్గేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. నేను బ్రాడీపేటలో చిన్న యూనిట్లకి లెక్కలు చూస్తాను, జీఎస్టీ, ఇన్‌కంటాక్స్, లోన్ ఫైళ్ళు, ఇదే నా పని. సోలార్ లోన్ కావాలమ్మా అని వచ్చేవాళ్ళు చాలామంది బ్యాంకు గుమ్మం తొక్కకముందే ఇంటి దస్తావేజులు సంచిలో పెట్టుకుని వస్తారు, అడక్కుండానే బల్ల మీద పెడతారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటది. మా నాన్న ఒకప్పుడు చిన్న అప్పుకి ఇల్లు మొత్తం తాకట్టు పెట్టి, అక్క పెళ్ళికి డబ్బు కావాల్సి వచ్చినప్పుడు ఆ ఇంటి మీద పైసా పుట్టక ఎంత అల్లాడాడో నాకు తెలుసు.

ముందు గ్యారంటీ అంటే ఏంటో అర్థం చేస్కోండి, ఎందుకంటే ఇక్కడే అందరూ తప్పు పడతారు. కేంద్ర ప్రభుత్వం, చిన్న పరిశ్రమల కోసం ఉన్న సిడ్బీ బ్యాంకు కలిసి 2000లో ఒక ట్రస్టు పెట్టాయి, దాని పేరు సీజీటీఎంఎస్ఈ. చిన్న యూనిట్‌కి బ్యాంకు తాకట్టు లేకుండా అప్పిస్తే, రేపు ఆ అప్పు మునిగితే అందులో ఇంత శాతం మేం కడతాం అని ఈ ట్రస్టు బ్యాంకుకి మాటిస్తది. చూడండి, మాట ఇచ్చేది బ్యాంకుకి, మీకు కాదు. "గవర్నమెంటు గ్యారంటీ ఉందిగా, కట్టకపోయినా పర్లేదు" అని మీకు ఎవరైనా చెప్తే అస్సలు నమ్మొద్దు. ట్రస్టు బ్యాంకుకి డబ్బిచ్చినా మీ అప్పు అలాగే ఉంటది, బ్యాంకు మీ మీద కేసు నడిపిస్తది, వసూలైన దాంట్లో ట్రస్టు వాటా ట్రస్టుకి పంపిస్తది, అప్పులు ఎలా కట్టామో చూపించే మీ సిబిల్ స్కోరు ఎటూ పోద్ది. మరి మనకేంటి లాభం అంటే ఒక్కటే, ఇల్లూ పొలం బ్యాంకు లాకర్‌లోకి వెళ్ళక్కర్లేదు, బావమరిదినో స్నేహితుడినో షూరిటీ సంతకం అడగక్కర్లేదు. నా లెక్కలో అది చాలా పెద్ద లాభం.

పరిమితి కూడా బాగా పెంచారు. 2 కోట్లు ఉన్నది 2023 ఏప్రిల్‌లో 5 కోట్లయింది, 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లయింది. అంటే కారం మిల్లే కాదు, ఓ మోస్తరు కోల్డ్ స్టోరేజ్ కూడా ఇందులో పట్టుద్ది. అప్పు మునిగితే బ్యాంకుకి వచ్చేది మామూలుగా 75 శాతం, 5 లక్షల లోపు సూక్ష్మ యూనిట్లకైతే 85 శాతం, ఆడవాళ్ళ యూనిట్లకి కవర్ ఎక్కువ, ఫీజులో కూడా తగ్గింపు ఉంది. అందుకే మిల్లు నిజంగా పిన్నో అత్తయ్యో చూసుకుంటుంటే ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న యూనిట్‌గా ప్రభుత్వం దగ్గర నమోదు, ఆమె పేరు మీదే ఉంచండి, మొహమాటానికి మగవాళ్ళ పేరు పెట్టొద్దు.

ఇక బాబాయ్ మిల్లు సంగతి చెప్తా, లెక్క మొత్తం అందులోనే ఉంది.

మా బాబాయ్‌ది గుంటూరు అవతల కారం మిల్లు, 60 హెచ్‌పీ కనెక్షన్, అంటే దగ్గర దగ్గర 45 కిలోవాట్లు. యార్డుకి కొత్త పంట దిగే ఫిబ్రవరి నుంచి ఎండాకాలం అంతా మిషన్లు ఆగవు, మిగతా నెలల్లో నెమ్మది. ఆయనకి ఒక సోలార్ కంపెనీ ఏజెంటు వచ్చి కిలోవాట్‌కి రోజుకి 6 యూనిట్లు వస్తాయని కాయితం మీద రాసిచ్చాడు. అది చూసి నేను వద్దన్నా. మన కోస్తాలో ఏడాది మొత్తం సగటున కిలోవాట్‌కి రోజుకి 4 యూనిట్లు వేసుకుంటేనే మంచిది. వానాకాలం మబ్బులుంటాయి, రోహిణీ కార్తెలో ఎండ మండిపోతున్నా ప్యానెల్ వేడెక్కితే ఉత్పత్తి తగ్గుద్ది గానీ పెరగదు, దానికి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. పైగా కారం మిల్లంటే ఇంకోటి ఉంది, ఎగ్జాస్ట్ నుంచి వచ్చే ఎర్రటి దుమ్ము వారం తిరిగేసరికి ప్యానెళ్ళ మీద పొరలాగా కూర్చుంటది, వేలుతో గీస్తే గీత పడుద్ది. కడగడానికి నీళ్ళ పైపు, మనిషి నిలబడే దారి, ఇవి డిజైన్‌లోనే అడగాలి, తర్వాత పెట్టమంటే రేకులు తొక్కి పగలగొడతారు.

సరే, 40 కిలోవాట్లు అనుకున్నాం. రోజుకి 160 యూనిట్లు, నెలకి 4,800. యూనిట్ 7 రూపాయలు లెక్కేస్తే నెలకి 33,600 మిగులు. ఖర్చు కిలోవాట్‌కి 50 వేల చొప్పున 20 లక్షలు, అందులో 4 లక్షలు మన మార్జిన్, అంటే మన చేతి డబ్బు, 16 లక్షలు లోన్. వడ్డీ పదిన్నర శాతం అనుకుంటే, అయిదేళ్ళకి తీసుకుంటే ఈఎంఐ 34,400 దాకా వచ్చుద్ది, అంటే మిగులు మొత్తం కిస్తీకి పోగా ఇంకా జేబులోంచి వెయ్యాలి. అదే ఏడేళ్ళకి తీసుకుంటే ఈఎంఐ 27,000, నెలకి ఆరు వేల పైన మనకే మిగులుద్ది. మొత్తం మీద వడ్డీ ఎక్కువ కడతాం, నిజమే, కానీ సీజన్ దెబ్బతిన్న ఏడాది కూడా కిస్తీ ఆగకుండా ఉండాలంటే ఆ గ్యాప్ ఉండాల్సిందే. మీ కేసులో ఇదే లెక్క మీ పన్నెండు నెలల బిల్లులు పెట్టుకుని వేస్కోండి, ఒక్క నెల బిల్లు చూసి వెయ్యొద్దు, ఏప్రిల్ బిల్లు చూపించి సెప్టెంబర్‌కి అప్పు తెచ్చుకున్నట్టు అవుద్ది.

కొటేషన్‌లో జీఎస్టీ కూడా చూస్కోండి, సోలార్ సామాను మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాస్తా 5 శాతం అయ్యింది, పాత రేటుతో పట్టుకొచ్చేవాళ్ళు ఉంటారు. ఇన్‌కంటాక్స్‌లో సోలార్‌కి 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చు, లాభంలో ఉన్న యూనిట్లకి ఇది కలిసొచ్చే విషయం, మీ ఆడిటర్ గారికి ముందే చెప్పండి.

గ్యారంటీ ఊరికే రాదు, ఫీజుంటది. 2023 ఏప్రిల్‌లో ఇచ్చిన పట్టిక ప్రకారం 10 లక్షల దాకా ఏడాదికి 0.37 శాతం, 10 నుంచి 50 లక్షల దాకా 0.55 శాతం, పైకి వెళ్ళేకొద్దీ పెరుగుద్ది. మన 16 లక్షలకి మొదటి ఏడాది 8,800, దాని మీద జీఎస్టీ, ఆ తర్వాత బాకీ తగ్గేకొద్దీ ఫీజూ తగ్గుద్ది. మామూలుగా ఇది బ్యాంకు మన దగ్గరే వసూలు చేస్తది.

ఇప్పుడు బ్యాంకులో ఏం జరిగిందో చెప్తా. ఏ బ్యాంకో చెప్పను. ఫైలు చూసిన మేనేజర్ గారు మర్యాదగానే మాట్లాడారు, "ఇల్లు ఉందిగా బాబాయ్ గారికి, అది పెట్టేస్తే సరిపోద్దిగా అమ్మా, వడ్డీ పావు శాతం తగ్గిస్తా, ఆ గ్యారంటీ ఫీజు కూడా మిగులుద్ది" అన్నారు. బాబాయ్ అప్పటికే నా వైపు చూస్తున్నాడు, ఆయన మెత్తబడ్డాడని నాకు తెలిసిపోయింది. అక్కడే కాయితం మీద లెక్కేశా. పావు శాతం అంటే 16 లక్షలకి మొదటి ఏడాది 4,000, ఫీజు జీఎస్టీతో కలిపి 10,400 లోపు, రెండూ కలిపి 14 వేల పైచిలుకు. ఏడాదికేడాది తగ్గుతూ పోయే ఈ 14 వేల కోసం అరవై డెబ్భై లక్షల ఇల్లు ఏడేళ్ళు కట్టిపడేస్తామా, మధ్యలో పిల్ల చదువుకి లోన్ కావాల్సి వస్తే ఏం పెడతాం. "బాబాయ్, కాయితాలు ఇంటికి తీసుకెళ్దాం" అన్నా. "సార్, సీజీటీఎంఎస్ఈ కవర్ కింద పంపించండి, ఫీజు మేమే కడతాం" అని దరఖాస్తులోనే ఒక లైన్ రాసిచ్చాం. నోటితో అడిగితే నోటితోనే కాదంటారు, రాసిస్తే వాళ్ళు కూడా రాసే చెప్పాలి, అందుకే రాసివ్వండి, అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి.

గుర్తుపెట్టుకోండి, మీరు ట్రస్టుకి నేరుగా దరఖాస్తు చెయ్యడానికి ఉండదు. బ్యాంకే లోన్ ఒప్పుకుని ఆ తర్వాత ట్రస్టు పోర్టల్‌లో కవర్ తీసుకుంటది. "నేను గ్యారంటీ ఇప్పిస్తా, 20 వేలు ఇవ్వండి" అనే మధ్యవర్తి ఎవడైనా తగిలితే దండం పెట్టి పంపించండి. ఉద్యం రిజిస్ట్రేషన్ కూడా అంతే, ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, దానికి వేలు గుంజే సైట్లున్నాయి.

ఇంకో సంగతి బ్యాంకులో గట్టిగా చెప్పగలిగేది, సూక్ష్మ, చిన్న యూనిట్లకి 10 లక్షల లోపు లోన్‌కి తాకట్టు తీసుకోవద్దని ఆర్బీఐ 2010లోనే బ్యాంకులకి ఆదేశం ఇచ్చింది, 2026 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 20 లక్షలు చేసింది, బాబాయ్ ఫైలు పాత పరిమితి రోజుల్లోది. అంటే మీది 15 కిలోవాట్ల చిన్న సిస్టమ్ అయితే ఇల్లు అడగడమే తప్పు. ఆ పరిమితి దాటిన లోన్‌కి మాత్రం అది బ్యాంకు నిర్ణయం, మనం ఒప్పించాలి. అప్పటికీ కుదర్లేదంటే మధ్యే మార్గం ఒకటుంది, కొంత భాగానికి తాకట్టు, మిగతా దానికి గ్యారంటీ కవర్, హైబ్రిడ్ అంటారు. పెద్ద లోన్లకి ఇది పనికొస్తది, ఖాళీ స్థలం ఏదైనా ఉంటే అది పెట్టి, ఉంటున్న ఇల్లు మాత్రం బయటే ఉంచండి.

ఒప్పించాలంటే ఫైలు బాగుండాలి. బ్యాంకుకి గ్యారంటీ ఉన్నా పావు వంతు వాళ్ళదే పోద్ది, ట్రస్టు ఇచ్చే దాంట్లో కూడా మొదట ముప్పావు వంతే వస్తది, మిగతాది వసూలు వ్యవహారం అంతా తేలాక. పన్నెండు లక్షలు బాకీ ఉండగా మునిగిందనుకోండి, కవర్ 9 లక్షలు, అందులో ముందు చేతికొచ్చేది 6 లక్షల 75 వేలు. మేనేజర్ గారి భయం ఆ మిగతా దాని గురించి, ఆయన కుర్చీలో కూర్చుంటే మనమూ అంతే ఆలోచిస్తాం. కాబట్టి ఆ భయం తీసేసే కాయితాలు పట్టుకెళ్ళండి. పన్నెండు నెలల కరెంటు బిల్లులు, మూడేళ్ళ ఐటీ రిటర్న్‌లు, బ్యాలెన్స్ షీట్లు, జీఎస్టీ రిటర్న్‌లు, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు, ఉద్యం సర్టిఫికెట్, రెండు మూడు కొటేషన్లు. షెడ్డు సొంతమైతే దాని కాయితాల జిరాక్స్, అద్దెదైతే లీజు లోన్ గడువు కంటే ఎక్కువ ఉండాలి, ఓనర్ గారి నుంచి ప్యానెళ్ళు పెట్టుకోవడానికి ఒప్పుదల రాయించుకోవాలి. ఇది చాలామంది మర్చిపోతారు, ఆటోనగర్ వైపు అద్దె షెడ్లు చూసే నాకైతే అన్నిటికంటే ముందు దీని గురించే అడగాలనిపిస్తది.

రేకుల సంగతి కూడా. పాత సిమెంటు రేకుల మీద బరువు ఎక్కించే ముందు ఇంజినీరుతో చూపించి, షెడ్డు తట్టుకుంటదని కాయితం తీసుకోండి. కిలోవాట్‌కి సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని జాగా కావాలి, అంటే 40 కిలోవాట్లకి 4,000 అడుగులు, వాటర్ ట్యాంకు నీడ మధ్యాహ్నం ఎటు పడుతుందో మీరే ఎక్కి చూడండి, ఏజెంటు ఫోన్‌లో ఫొటో చూసి చెప్పేది కాదు ఇది.

తర్వాత మన కరెంటు పంపిణీ సంస్థ, సీపీడీసీఎల్. మన గుంటూరు, విజయవాడ రెండూ దాని కిందే. నెట్ మీటరింగ్‌కి, అంటే మనం వాడగా మిగిలిన కరెంటు లైన్‌లోకి పంపి బిల్లులో తగ్గించుకునే పద్ధతికి, దరఖాస్తు పెట్టి, మీ కొటేషన్‌లో ఉన్న కెపాసిటీ మీ కనెక్షన్‌కి ఇచ్చిన సాంక్షన్ లోడ్‌కి సరిపోతుందో లేదో లోన్ కంటే ముందే తేల్చుకోండి. బాబాయ్ మొదట 60 హెచ్‌పీ అంటే 60 కిలోవాట్లు అనుకుని 60 కిలోవాట్లకి కొటేషన్ తీసుకున్నాడు, హెచ్‌పీకీ కిలోవాట్‌కీ తేడా ఎవరూ చెప్పలేదు, ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లే. ఆ కొటేషన్‌తోనే ఫైలు వెళ్ళుంటే అక్కడే ఆగిపోయేది, నెలన్నర పోయేది. నెట్ మీటర్ లేకపోతే మిల్లు ఆగిన రోజుల్లో తయారైన కరెంటు ఎందుకూ పనికిరాకుండా పోద్ది, సీజన్ వ్యాపారానికి అదే ప్రాణం.

కోల్డ్ స్టోరేజ్ వాళ్ళకీ రైతు సంఘాలకీ ఇంకో దారి ఉంది, అది ఇంకా మంచి దారి. అగ్రికల్చర్ ఇన్‌ఫ్రా ఫండ్ అని 2020లో లక్ష కోట్లతో పెట్టారు. 2 కోట్ల దాకా లోన్‌కి ఏడేళ్ళ పాటు వడ్డీలో 3 శాతం కేంద్రం భరిస్తది, పైగా ఆ 2 కోట్ల లోపు లోన్‌కి గ్యారంటీ ఫీజు కూడా ప్రభుత్వమే కడుద్ది. దుగ్గిరాల పసుపు కోసమో, మన మిర్చి కోసమో కోల్డ్ స్టోరేజ్ కట్టే వాళ్ళు ముందు దీన్నే అడగాలి, కంప్రెసర్లు రాత్రింబవళ్ళు తిరిగే చోట కరెంటే కదా అసలు ఖర్చు. 2024 ఆగస్టులో పీఎం కుసుమ్ మొదటి భాగాన్ని కూడా దీనికి కలపడానికి కేబినెట్ ఒప్పుకుంది, అంటే రైతులు, ఎఫ్‌పీఓలు అనే రైతు ఉత్పత్తిదారుల సంఘాలు బీడు భూమిలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా సోలార్ ప్లాంటు పెట్టి కరెంటు పంపిణీ సంస్థకి (డిస్కమ్) కరెంటు అమ్ముకునే పథకం. ఈ ఇన్‌ఫ్రా ఫండ్ లోన్లు ఇచ్చే గడువు 2025-26 దాకా అని పెట్టారు కాబట్టి ఇప్పుడు ఇంకా ఇస్తున్నారో లేదో బ్యాంకుకి వెళ్ళిన మొదటి రోజే అడగండి.

10 కోట్లు కూడా చాలని పెద్ద మిల్లులకి 2025 జనవరిలో ఇంకో గ్యారంటీ పథకం ఒప్పుకున్నారు, మెషినరీ కొనడానికి 100 కోట్ల దాకా లోన్, అందులో 60 శాతానికి ఎన్‌సీజీటీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ గ్యారంటీ, కానీ ప్రాజెక్టు ఖర్చులో 75 శాతం మెషినరీయే ఉండాలని అప్పుడు పెట్టారు. ఇంటి మీద సోలార్ అయితే ఈ గొడవలేవీ అక్కర్లేదు, పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ, 2 లక్షల దాకా తాకట్టు లేని లోన్ ఉంది, జన్‌సమర్థ్ పోర్టల్‌లో పెట్టుకోండి.

ఇంత జాగ్రత్త ఎందుకమ్మా, ప్రభుత్వం డబ్బే కదా అని ఒకాయన అడిగారు. అమెరికాలో ఈ గ్యారంటీల పద్ధతి చాలా పెద్ద ఎత్తున నడిచింది, 2005లో చట్టం చేసి వాళ్ళ ఇంధన శాఖ క్లీన్ ఎనర్జీ ప్రాజెక్టుల అప్పులకి గ్యారంటీ ఇచ్చింది. 2009లో సోలిండ్రా అనే సోలార్ కంపెనీకి 53.5 కోట్ల డాలర్ల గ్యారంటీ ఇచ్చారు, వాళ్ళది గొట్టాల్లాంటి కొత్తరకం ప్యానెల్, ఈలోపు మామూలు సిలికాన్ ప్యానెళ్ళ ధర పడిపోయింది, 2011లో కంపెనీ దివాలా తీసింది, నష్టం ప్రజల మీద పడింది. ఆ ఒక్క పేరు చెప్పి ఆ పథకం మొత్తాన్నే ఏళ్ళ తరబడి తిట్టారు, అదే ఆఫీసు జార్జియాలో వోగల్ అణు కేంద్రం కొత్త యూనిట్లకి ఇచ్చిన 1,200 కోట్ల డాలర్ల గ్యారంటీ సంగతి ఎంతమందికి తెలుసు. ఇక్కడా అంతే, మన గుంటూరు బ్రాంచిలో రెండు సోలార్ లోన్లు మునిగితే మూడోవాడు ఎంత మంచి మిల్లు నడుపుతున్నా మేనేజర్ గారు ఇల్లే అడుగుతారు. ఏజెంటు చెప్పిన 6 యూనిట్ల లెక్కతో లోన్ తెచ్చుకుని ఆపేసేవాళ్ళ మీద నాకు కోపం అందుకే.

లోన్ శాంక్షన్ అయ్యాక సంబరంలో సంతకాలు పెట్టెయ్యకండి. శాంక్షన్ లెటర్‌లో సెక్యూరిటీ అనే భాగం చదవండి. సోలార్ సామాను హైపాథికేషన్ ఉంటది, అంటే సామాను మన దగ్గరే ఉన్నా దాని మీద హక్కు బ్యాంకుది, అది మామూలే, ప్రమోటర్ సొంత గ్యారంటీ ఉంటది, అదీ మామూలే. కొలాటరల్, అంటే తాకట్టు, దగ్గర ఏమీ లేదు, సీజీటీఎంఎస్ఈ కవర్ అని ఉండాలి. గ్యారంటీ ఫీజు కోస్తూనే పక్కన ఇంటి పేరు కూడా రాసి ఉంటే సంతకం ఆపేసి అడగండి, హైబ్రిడ్ అని మీరు ఒప్పుకుంటే తప్ప రెండూ ఉండకూడదు. కవర్ వచ్చాక ట్రస్టు ఒక నంబరు ఇస్తది, సీజీపాన్ అంటారు, అది అడిగి రాసుకోండి. ఏడాదికోసారి ఫీజు కట్టే టైముకి ఖాతాలో డబ్బుండేలా చూస్కోండి, ఫీజు కట్టకపోతే కవర్ పోద్ది, కవర్ పోయిన ఫైలు పట్టుకుని బ్యాంకు మళ్ళీ ఇంటి దస్తావేజుల దగ్గరికే వస్తది.

దరఖాస్తు తిప్పి పంపిస్తే కారణం రాసివ్వమని అడగండి. బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టొచ్చు, లాయరు అక్కర్లేదు. నేను ముందు మాత్రం జిల్లా లీడ్ బ్యాంక్ మేనేజర్ గారిని కలవమంటా, చాలాసార్లు అక్కడే పని అయిపోద్ది.

కిస్తీ ఆగే పరిస్థితి వస్తే, దేవుడి దయ వల్ల రాకూడదు గానీ వస్తే, 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే బ్యాంకు లెక్కలో మొండిబాకీ. మొదటి నెల తప్పగానే బ్రాంచికి వెళ్ళి చెప్పండి, కిస్తీలు మార్చుకునే అవకాశం అప్పుడే ఉంటది, ఫోన్ ఎత్తకుండా దాక్కుంటే ఉండదు. బాబాయ్ కిస్తీ తారీఖు 5, ప్యానెళ్ళు కడిగేది ఆదివారం పొద్దున ఆరింటికి, ఎండ ఎక్కకముందే, రెండూ మిల్లులో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టించా.